ఓడిపోవడం రాని రాజుగారి వరం

నేను చేసిన చివరి ఉద్యోగం వరాలివ్వడం. నవ్వకండి, నెలనెలా జీతం కూడా వచ్చేది.

అంతకుముందు నంద్యాల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి రిటైరయ్యాను. ట్రంకు కాల్ కోసం జనం బెంచీల మీద కాచుకు కూర్చునే రోజుల్లో ఆ కుర్చీ ఎక్కినదాన్ని. ముందు బుక్ చేసుకున్నవాళ్లకు ముందు లైను. ఎవరైనా పెద్దమనిషి పేరు చెప్పి మధ్యలో దూరబోతే, "మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తానండీ" అని హెడ్‌ఫోన్ సర్దుకునేదాన్ని. అందుకే ఎక్స్ఛేంజిలో నాకు మొండిఘటం అని పేరు. ఆ పేరు మీద నాకు ఈరోజుకీ ఫిర్యాదు లేదు.

రిటైరయ్యాక ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవడం చేతకాక, బస్టాండు వెనక ఒక మేడ మీదున్న చిన్న ఆఫీసులో చేరాను. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడొకడు దాన్ని పెట్టాడు. ఫోన్లో తెలుగులో రాసి ఆడే ఆట వాళ్లది. బొమ్మలుండవు, తుపాకుల మోత ఉండదు. ఒక కల్పిత కోట ఉంటుంది. చేరినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర కట్టుకుంటారు. ఒకరు కాపలావాడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రసాని, ఒకరు రాజు. ఒకరు రెండు వాక్యాలు రాస్తే ఎదుటివాళ్లు తమ పాత్ర తరఫున జవాబు రాస్తారు. అలా కథ నడుస్తుంది.

దానికి ఒక మొదటి నియమం ఉంది. నువ్వు కొట్టే దెబ్బ నువ్వు రాసుకోవచ్చు. అది తగిలిందా, తగిలితే ఎక్కడ తగిలింది అనేది మాత్రం ఎదుటివాళ్లే రాయాలి. ఇంకొకరి పాత్ర చేత నువ్వు ఏమీ చేయించకూడదు. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

కొన్ని పాత్రలకు మామూలు మనుషులకు లేని శక్తులుండేవి. ఒకరికి పక్షుల మాట అర్థమవుతుంది, ఇంకొకరు నిప్పు మీద నడుస్తారు. వాటినే మేము వరాలనేవాళ్లం. వరమున్నవాళ్ల పేరు పక్కన ఒక బంగారు గుర్తు మెరుస్తూ ఉంటుంది. ఎవరికి ఇవ్వాలో, ఎవరికి కూడదో చూడటం నా పని. కథలో కూడా నాకొక పాత్ర ఇచ్చారు, కోట ద్వారపాలకురాలు. నాతోపాటు రిటైరైన తెలుగు అయ్యవారొకరు ఉండేవారు. మా వైపు పంతుళ్లను అయ్యవారనే అంటాం. ఆయన భాష చూసేవారు, నేను మనుషుల్ని చూసేదాన్ని.

నేను చేరేనాటికి వరాలు పప్పుబెల్లాల్లా పంచిపెట్టేశారు. యజమాని స్నేహితులు ఒక్కరు తప్పకుండా అందరూ చావులేనివాళ్లే. కొత్తగా చేరినవాళ్లు సరదాపడి కత్తి తీస్తే ఎదుటివాడు చావడు, పడడు, కనీసం నొచ్చుకోడు. మర్నాటి నుంచి ఆ కొత్తవాళ్లు కనిపించేవారు కాదు. తప్పు వాళ్లదా? ఎప్పుడూ గెలిచేవాడితో ఎవరు ఆడతారు?

అప్పుడు అయ్యవారూ నేనూ కూర్చుని ఒక పరీక్ష పెట్టాం. వరం కావాలన్నవాళ్లు ముందు అందరి ఎదుటా ఒక కొత్తవాడి చేతిలో ఓడిపోవాలి. ఊరికే ఓడిపోతే చాలదు. ఆ కొత్తవాడికి ఆ రోజంతా ఛాతీ ఉప్పొంగేలా ఓడిపోవాలి. ఓడిపోవడం చేతనైనవాడి చేతిలో ఎంత శక్తి పెట్టినా భయం లేదు, చేతకానివాడికి కత్తిపీట కూడా ఇవ్వకూడదు. ఇది నా సిద్ధాంతం, ఇప్పటికీ ఇదే.

ఆ పరీక్ష వినడానికి సులువు. మా వైపు మనుషులకు పెడితే తెలుస్తుంది దాని కష్టం. పంచాయితీలో, పందెంలో, చివరికి పెళ్లిలో అరటాకు దగ్గర కూడా తగ్గడం తెలియని సీమ మాది. ఒకడు ఓడిపోయాడు గానీ, ఆ రోజు వాడికి జ్వరమట. ఇంకొకడి కాలు జారిందట. మరొకడు, "ఎదుటివాడు చిన్నపిల్లోడని నా వీరుడు జాలిపడి ఓడిపోయాడు" అని రాశాడు. అయ్యవారు ఫోన్ నా ముందు పెట్టి, "సూడమ్మా, ఇది ఓడిపోయేదా, దండ ఏయించుకునేదా?" అని తల కొట్టుకునేవారు.

ఇలా ఉండగా అన్నిటికన్నా పెద్ద వరం ఖాళీ అయింది. దాన్ని గడియ తిప్పే వరం అనేవాళ్లం. అది ఉన్నవాళ్లు జరిగిపోయిన ఒక ఘట్టాన్ని జరగనట్టు వెనక్కి తిప్పొచ్చు. అయితే జన్మకు ఒక్కసారే. కోట మొత్తానికి ఒక్కరికే ఆ వరం ఉంటుంది. అంతకుముందు ఉన్నామె ఆట మానేసింది కాబట్టి కొత్తవాళ్లకివ్వాలి. ఇద్దరు అడిగారు.

పరీక్షకు ముందు నేను అందరికీ ఫోన్ చేసి ఒక్కటే ప్రశ్న అడిగేదాన్ని, ఈ వరం నీకెందుకు అని. ఎక్స్ఛేంజి అలవాటు, గొంతు వింటే సగం తెలిసిపోయేది.

మొదటివాడు ఉయ్యాలవాడ వైపు పొలాలున్న ఇంటి మనిషి, నలభై ఏళ్లుంటాయి. కోటలో రాజు పాత్ర ఆయనది. "మా రాజు ఓడిపోగూడదు మేడం. అంతే" అన్నాడు.

"మీరా, మీ రాజా?"

"ఇద్దరూ ఒకటే గదా."

రెండో ఆమె ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో పాలిషు పని చేస్తుంది. ముప్పై లోపు వయసు. కోటలో ఆమెది మల్లయోధురాలి పాత్ర. ఫోన్లో వెనక నుంచి రాతి మీద ఉలి దెబ్బలు వినిపిస్తూనే ఉన్నాయి.

"రాయిలో ఒక ముక్క పోయిందంటే పోయినట్లే మేడం, మళ్లా అతకదు. పాలిషు చేస్తాంటే నా చేతిలో ఒక విగ్రహానికి ముక్కు పోయింది. అప్పట్నుంచి నన్ను ఉలి ముట్టనియ్యరు. పని వచ్చు, అయినా ఇయ్యరు. యాడన్నా ఒక్క సోట, ఒక్కసారి, తప్పును ఎనక్కి తిప్పేది నా చేతిలో ఉంటే సాలనిపిస్తాది."

ఫోన్ పెట్టేశాక నేను కాసేపు ఏ పనీ చేయలేదు. అలాగని ఆమెకు పరీక్ష తప్పించలేదు. ఆమెను ఆత్మకూరు బస్సు కండక్టరొకాయనతో తలపడమన్నాను. ఆయన అప్పుడే చేరాడు, పాత్ర కాపలావాడు. బస్సు ఆగినప్పుడల్లా ఫోన్ తీసి రాసేవాడు. ఆయన రాసింది ఒకే వాక్యం. "నేను రాయి విసిరినాను." ఆమె దానికి జవాబుగా, ఆ రాయి తన కనుబొమ్మ మీద ఎలా తగిలిందో, చూపు ఎలా మసకబారిందో, ఇన్నేళ్లలో తనను మోకాళ్ల మీదికి దించింది ఈ ఒక్క చెయ్యే అని ఆ చేతిని ఎలా తాకి చూసిందో రాసింది. సాకు లేదు, జ్వరం లేదు. కండక్టరాయన ఆ రోజు ప్రయాణికులకు చిల్లర ఇవ్వడం కూడా మరిచిపోయాడట. ఆ రోజు నుంచి ఆయన ఆట వదల్లేదు.

రాజుగారు మాత్రం పరీక్షకు రాలేదు. కోతలన్నాడు, పెళ్లన్నాడు. ఆ తర్వాత ఆయన బదులు మా యజమాని వచ్చాడు.

మా యజమాని మామూలుగా నన్ను మేడం అంటాడు, పనిబడితే అక్కా అంటాడు. ఆ రోజు "అక్కా" అని మొదలుపెట్టాడు. ఆటగాళ్లందరినీ ఒక చోట కూర్చోబెట్టి పండగ చేయాలని అతని కోరిక. ఆళ్లగడ్డలో రాజుగారి బంధువులకు ఫంక్షన్ హాలుంది. అది ఊరికే ఇస్తామన్నారు.

"అందరి ముందరా మైకులో మీరే అన్న పేరు చెప్పాల అక్కా. గడియ తిప్పే వరం అన్నకు."

"పరీక్ష?"

"ఏందక్కా మీరు! హాలిచ్చిన మనిషిని ఓడిపో అని ఎట్ల అడిగేది?"

"హాలిచ్చినందుకు దండ ఏయప్పా. శాలువా కప్పు. వరమెందుకు?"

"మేడం," అన్నాడు. అంటే మాట ముగిసిందని. "ఆఫీసు నాది. గుర్తు ఎవరికి పెట్టాల్నో నేను చెప్తా. మీరు సదివితే సాలు."

నాకు ఒళ్లు మండింది. ఉన్న ఉద్యోగం పోతుందని భయం లేదా అంటే, పెన్షను వచ్చేదాన్ని కాబట్టి అన్నానికి భయం లేదు. కానీ ఆ కుర్చీ అంటే నాకు ప్రాణం. ఆ వయసులో నా మాట కోసం కాచుకునే మనుషులు నాకు అక్కడ తప్ప ఇంకెక్కడా లేరు. పోతే పోనీ అనుకోవడానికి రెండు మూడు రోజులు పట్టింది.

పండగ రోజు అయ్యవారూ నేనూ పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగాం. హాలు నిండా జనం. ఇన్నాళ్లూ పాత్రల పేర్లతో తెలిసినవాళ్లు ఇలా ముఖాలతో కనిపిస్తే భలే ఉంటుంది. కోటలో ఘోరమైన దొంగ, తీరా చూస్తే బట్టల షాపులో లెక్కలు రాసే మెతక మనిషి. మల్లయోధురాలు పని మధ్యలో వచ్చింది, కనుబొమ్మల్లో ఇంకా రాతిపొడి ఉంది. నా పక్కన నిలబడి, "వరం అన్నకేనంట గదా మేడం, అంటాండారు" అంది మెల్లగా. అంతలో నా పేరు పిలిచారు, స్టేజి ఎక్కాను.

"గడియ తిప్పే వరం ఇద్దరు అడిగారు," అన్నాను మైకులో. "ఒకరి పరీక్ష అయిపోయింది. రెండోవారిది మిగిలింది. రాజుగారు ఎదురుగానే ఉన్నారు. ఇప్పుడే, ఇక్కడే, అందరం చూస్తుండగా ఓడిపోతే నా చేతులతో నేనే ఇస్తాను."

హాలంతా ఒక్కసారిగా చప్పట్లు. యజమాని ముఖం మాడిపోయింది. అన్ని చప్పట్ల మధ్య వద్దనలేక రాజుగారు నవ్వుతూ లేచాడు. ఎదుటి ఆటగత్తెగా వెలుగోడు నుంచి వచ్చిన ఒక అంగన్‌వాడీ టీచరమ్మను పిలిచాను. ఆమె చేరి వారం కూడా కాలేదు, కోట వాకిట మజ్జిగ అమ్మే అవ్వ పాత్ర. ఇద్దరూ ఫోన్లలో రాస్తుంటే స్టేజి మీద తెరపై అందరికీ కనిపించే ఏర్పాటు చేశారు.

టీచరమ్మ రాసింది. "రాజు డబ్బులియ్యకుండా మజ్జిగ తాగినాడు. నేను ముంత ఎత్తి ఆయన నెత్తిన వొంపినాను."

రాజుగారు రాశాడు. "రాజు నిలువునా తడిసిపోయాడు. కిరీటం లోంచి మజ్జిగ కారింది."

జనం ఈలలు వేశారు. నిజంగా బాగుంది. నేను కూడా చప్పట్లు కొట్టాను. అక్కడితో ఆపేసి ఉంటే, ప్రమాణం చేసి చెబుతున్నాను, నేను పోటీ సమానమని ఒప్పుకుని మళ్లీ ఆలోచించేదాన్ని. కానీ ఆయన వేళ్లు ఆగలేదు. ఎలా ఆగుతాయి, మామలూ బావమరుదులూ ముందు వరసలో కూర్చుని చూస్తుంటే?

"అయితే ఇదంతా రాజు పన్నిన పన్నాగం. ఆ అవ్వ శత్రువుల గూఢచారి అని రాజుకు ముందే తెలుసు. అవ్వ గడగడ వణికి రాజు కాళ్ల మీద పడింది."

టీచరమ్మ తెర వంక చూసి, రాజుగారి వంక చూసి, మైకు అందుకుంది.

"నేను యాడ పడితినప్పా నీ కాళ్ల మీద? నేను ఈడనే ఉండా!"

ఆ నవ్వు మీరు విని ఉండాలి. కుర్చీలు కదిలాయి. రాజుగారి మామ కూడా తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం చివర్లో కొంచెం జాలేసింది. ఆయన చెడ్డమనిషి కాడు. తడిసిన మనిషిగా నిలబడటం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

మా యజమాని నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నవ్వులు సద్దుమణగకముందే రాజుగారి పేరు ప్రకటించాడు. అక్కడికక్కడే ఫోన్లో నొక్కాడు, రాజుగారి పేరు పక్కన బంగారు గుర్తు మెరిసింది. చప్పట్లు మామలు కొట్టారు. నేను ఆఫీసు తాళంచెవి అతని చేతిలో పెట్టి స్టేజి దిగాను. మల్లయోధురాలు షెడ్డులో పనుందని వెళ్లిపోయింది.

బస్సు శిరివెళ్ల దాటుతుండగా అయ్యవారు ఫోన్ చూసి, "సదవద్దులేమ్మా" అన్నారు. అంటే చదివి తీరాలి కదా. యజమాని కోట కథలో రాసేశాడు. ద్వారపాలకురాలు తాళాలు దొంగిలిస్తూ పట్టుబడిందట. ఏడుస్తూ క్షమాపణ అడిగిందట. నడిమధ్యాహ్నం ఆమెను కోట బయటకు గెంటేశారట. నా ఖాతా తీసేశారు. ఉద్యోగం నుంచి తీసేస్తే తీసేశాడు, నా పాత్రను ఏడిపించడానికి వాడెవడు? మొదటి నియమం దాన్ని పెట్టినవాడికి వర్తించదా? నేను బస్సులో ఏడ్చాను. అవ్వలు ఏడవకూడదా ఏం?

ఆ తర్వాత కోటలో జరిగింది నాకు అయ్యవారు చెబుతూ వచ్చారు. రాజుగారు ఒక గొడవలో కాపలావాడి చేతిలో, అంటే ఆత్మకూరు కండక్టరు చేతిలో కత్తి పోగొట్టుకున్నాడు. వెంటనే వరం తీశాడు. "రాజు చెయ్యెత్తాడు. గడియ వెనక్కి తిరిగింది."

కండక్టరు జవాబు రాశాడు. "చల్లటి గాలి వీచింది. కాపలావాడు రాజుగారి కత్తి తుడిచి గోడకు ఆనించాడు."

అంతే. గడియ తిరగలేదు. తిరిగిందని ఎదుటివాళ్లు రాస్తేనే కదా తిరిగేది? వరం పారలేదు కాబట్టి ఖర్చు కానట్టేనని రాజుగారు ఇంకోసారి తిప్పాడు. మజ్జిగ అవ్వ, "గాలి బాగుంది" అని రాసింది. మంత్రసాని గాలికి బట్టలు ఆరేసింది. దొంగ గాలిపటం ఎగరేశాడు. ఎవరూ ఒక్క చెడ్డ మాట అనలేదు, ఒక్క నియమం మీరలేదు. యజమాని అందరినీ బెదిరించాడు. ఎంతమందిని తీసేస్తాడు? అందరినీ తీసేస్తే ఆ కోటలో రాజుగారూ గాలీ మిగులుతారు.

ఒక రోజు అయ్యవారు ఆదరాబాదరా మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఫోన్ నా చేతిలో పెట్టారు. పేరు పక్కన ఏ గుర్తూ లేని మల్లయోధురాలు రాసింది. "ద్వారపాలకురాలిని గెంటేసిన ఆ మధ్యాహ్నాన్ని నేను వెనక్కి తిప్పుతున్నాను. నాకున్నది ఒక్కసారే. ఇదే అది."

దాని కింద ఒకరి తర్వాత ఒకరు రాస్తూ పోయారు. కాపలావాడు ద్వారం దాకా వెనక్కి నడిచాడు. అవ్వ ఒలకబోసిన మజ్జిగ మళ్లీ ముంతలోకి ఎక్కింది. దొంగ, తాళాలు దొంగిలించింది తానేనని ఒప్పుకుని వాటిని చిలక్కొయ్యకు తగిలించాడు. తలుపులు తెరుచుకున్నాయి. దీపం పెట్టారు. చివర్న మల్లయోధురాలే రాసింది. "ద్వారం దగ్గర పీట వేసి ఉంది. ఆమె వచ్చి కూర్చుందో లేదో ఆమే రాయాలి."

చూశారా, అప్పుడు కూడా నా పాత్ర చేత ఎవరూ ఏమీ చేయించలేదు. నా చోటు నాకు ఖాళీగా ఉంచారు. అక్షరాలు కనిపించక అద్దాలు తుడుచుకున్నాను. అయ్యవారి ఫోన్లోంచే, ఆయన పేరు మీదే, ద్వారపాలకురాలి మాటగా ఒక్క ముక్క రాశాను. "కూర్చున్నాను."

తర్వాత ఆళ్లగడ్డకు ఫోన్ చేశాను. వెనక ఉలి దెబ్బలు అలాగే వినిపిస్తున్నాయి.

"ఏందే నువ్వు చేసింది?" అని గదమాయించాను. "ఉన్నది ఒక్కసారి. నీకోసం అడిగింటివి గదా. నా మీద పోగొడ్తివా?"

"పోగొట్టల్యా మేడం," అంది. "రాయిలో పోయిన ముక్క రాల్యా. మీరొచ్చినారు."

ఆపరేటరుగా అన్నేళ్లు ఎందరివో మాటలు కలిపినదాన్ని, నా లైన్లో నాకే మాట రాలేదు.

ఇప్పుడు ఇలాంటి ఆటల్లో, ఆఫీసుల్లో ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో తేల్చే కుర్చీల్లోకి మీరు వస్తున్నారు. మీకు చెప్పేది ఒక్కటే. గుర్తు పెట్టడం యజమాని చేతిలో ఉంటుంది. అది పారడం, పారకపోవడం ఆడేవాళ్ల చేతిలో ఉంటుంది. ఆ సంగతి మరిచిపోకండి, ఎవరైనా మరిపించబోతే ఊరుకోకండి.

మొన్న మా యజమాని ఫోన్ చేశాడు. "అక్కా" అన్నాడు. ఆట పలచబడిందట, కొత్తవాళ్లు రావడం లేదట, ఉన్నవాళ్లు ద్వారపాలకురాలు లేకుండా ఎవరికీ ఏ వరమూ ఒప్పుకోమంటున్నారట. "రాజుగారి గుర్తు తీసేస్తా అక్కా. మీరు రాండి, సాలు."

"వస్తానప్పా," అన్నాను. "ముందు నువ్వు పరీక్షకు కూర్చో. అందరి ముందరా, వెలుగోడు టీచరమ్మ చేతిలో ఓడిపో. జ్వరమొచ్చింది, కాలు జారిందంటే కుదరదు."

"నేనా?" అన్నాడు.

"నువ్వే."

ఆలోచించి చేస్తానని పెట్టేశాడు. ఇంకా చేయలేదు. ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నాను. లైను కోసం కాచుకోవడం నాకు కొత్త కాదు, ఈసారి వంతు అతనిది.